ఒక్క పూట రద్దీకి ఏడాది పొడవునా సర్వర్లు ఎందుకు?

ప్రశ్న: ఫలితాలు వచ్చిన పూట సైటు తెరుచుకోదు. మర్నాడు అదే సైటు చిటికెలో తెరుచుకుంటుంది. ఆ ఒక్క పూటకు సర్వర్లు అద్దెకు తెచ్చుకుని, రద్దీ తగ్గాక తిరిగి ఇచ్చేసే వీలు లేదా? ఉంటే ఇంకా ఈ అవస్థ దేనికి?

జవాబు: వీలుంది. ఇప్పుడు ఆ అద్దెను సెకన్ల లెక్కన కూడా కట్టొచ్చు. అలా అద్దెకిచ్చే డేటా సెంటర్లు మన హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి. అయినా జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో నెట్ సెంటర్‌కు వెళ్తే ఏడాదిలో ఏదో ఒక రోజు "సర్వర్ డౌన్ అన్నా, సాయంత్రం రా" అనే మాట వినక తప్పదు. సర్వర్లు చాలకపోవడం ఒక్కటే కారణమైతే ఈ జవాబు ఇక్కడితో ముగిసేది. అసలు కారణాలు ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్ని అద్దె సర్వర్లతో తీరతాయి, కొన్ని ఎన్ని సర్వర్లు తెచ్చినా తీరవు. ఏది ఏదో తెలియకుండా డబ్బు పెడితే బిల్లు పెరుగుతుంది తప్ప సైటు తెరుచుకోదు.

సైటు పడిపోవడమంటే ఏం జరుగుతుంది?

సర్వర్ అంటే ఎక్కడో ఒక చల్లటి గదిలో రాత్రీపగలూ నడిచే కంప్యూటర్. మీరు హాల్ టికెట్ నంబర్ కొట్టగానే అది డేటాబేస్‌లో వెతికి, మార్కులు తీసి, పేజీ తయారుచేసి మీ ఫోనుకు పంపుతుంది. ఒక్కరి పని అయితే సెకనులో చిన్న ముక్క చాలు. కానీ ఒకేసారి ఎందరి పని చూడగలదన్నదానికి హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటితే మిగతావాళ్లు వరసలో ఆగాలి.

ఆ వరస ఎంత పొడవు పెరుగుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. తెలంగాణ పదో తరగతి ఫలితాలు 2025లో ఏప్రిల్ 30న వచ్చాయి. రాసినవాళ్లు దాదాపు 5 లక్షలు. ఆ ఏడాది 99.29 శాతంతో మహబూబాబాద్ రాష్ట్రంలోనే మొదటి జిల్లా. ఒక్కో పిల్ల నంబర్‌ను ఆ పిల్లా, ఇంట్లోవాళ్లూ, బడిలో సార్లూ కలిపి మూడుసార్లు కొడతారనుకుందాం. మొత్తం 15 లక్షల అభ్యర్థనలు. అందరికీ ఆత్రమే కాబట్టి ఇవన్నీ మొదటి పది నిమిషాల్లోనే వస్తాయనుకుంటే సెకనుకు 2,500. అదే సైటుకు జూన్‌లో ఏదో ఒక మామూలు రోజున మొత్తం 20,000 అభ్యర్థనలు వచ్చాయనుకుంటే, నాలుగు సెకన్లకు ఒకటి. రెండింటి మధ్య తేడా పదివేల రెట్లు. ఇవి నేను వేసుకున్న అంచనాలే గానీ, తేడా ఎంత పెద్దదో తెలియడానికి ఇవి చాలు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. సర్వర్ మీద భారం రెట్టింపైతే జాప్యం కూడా రెట్టింపవుతుందని మనం అనుకుంటాం. అలా జరగదు. వరసల గణితంలో అతి సాదా నమూనా ప్రకారం చూసినా, సర్వర్ శక్తిలో సగం వాడుకలో ఉన్నప్పుడు జవాబుకు పట్టే సమయం ఖాళీగా ఉన్నప్పటికి రెట్టింపవుతుంది. 90 శాతం వాడుకలో ఉంటే పది రెట్లు, 99 శాతానికి చేరితే వంద రెట్లు. అంటే 90 శాతం దాకా బాగానే నడుస్తున్నట్టు కనిపించిన సైటు, ఆ తర్వాత ఇంకొద్దిమంది రాగానే ఉన్నట్టుండి కూలబడుతుంది. పైగా పేజీ రాకపోతే మనం ఊరుకుంటామా? మళ్లీ మళ్లీ నొక్కుతాం. ప్రతి నొక్కుడూ ఒక కొత్త అభ్యర్థనే. పాతదాన్ని మనం వదిలేశామన్న సంగతి చాలాసార్లు సర్వర్‌కు తెలియదు. ఎవరూ చూడని పేజీని తయారుచేస్తూ కూర్చుంటుంది. ఫలితాల పూట సర్వర్ చేసే పనిలో కొంత భాగం ఇలా గాలికి పోయేదే.

మరి అద్దెకు ఇచ్చేవాడికి అన్ని సర్వర్లు ఎక్కడివి?

మేడారం జాతరకు ఆర్టీసీ ఏం చేస్తుందో మన ప్రాంతంలో ప్రతివారికీ తెలుసు. 2024 జాతరకు సంస్థ ఆరు వేల ప్రత్యేక బస్సులు ప్రకటించింది. వాటిని జాతర కోసమని కొనలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిపోలతో పాటు రాష్ట్రంలోని మిగతా డిపోల నుంచి రోజువారీ సర్వీసులు తగ్గించి బండ్లను అటు మళ్లిస్తారు. జాతర ముగిశాక ఏ బండి ఆ డిపోకు వెళ్లిపోతుంది.

ఇలా సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీ నడిచేదీ ఈ సూత్రం మీదే, ఒక తేడాతో. ఆర్టీసీ మళ్లించినప్పుడు మన ఊరి బస్సు ఆ నాలుగు రోజులూ రాదు. క్లౌడ్‌లో మాత్రం ఎవరి రద్దీ వాళ్లకు వేర్వేరు వేళల్లో వస్తుంది. ఫలితాలు ఏప్రిల్‌లో, పండుగ అమ్మకాలు దసరా ముందు, ఆదాయపు పన్ను రిటర్నుల హడావుడి గడువు దగ్గర పడ్డప్పుడు, క్రికెట్ చూసేవాళ్లు సాయంత్రాల్లో. ఒకరికి కావలసిన రోజున ఇంకొకరికి అక్కర్లేదు. అందరి అవసరాలనూ ఒకచోట కలిపితే మొత్తం గీత చాలావరకు చదునుగా ఉంటుంది. వ్యాపారంలో లాభం పుట్టేది ఆ చదునులోనే.

ఈ ఆలోచన మరీ కొత్తది కాదు. బ్యాంకులు వాడే పెద్ద మెయిన్‌ఫ్రేమ్ యంత్రాల్లో ఐబీఎం కొన్ని ప్రాసెసర్లకు తాళం వేసి పంపేది. నెలాఖరు లెక్కలప్పుడు తాళం తీయించుకుని, ఎన్ని రోజులు వాడితే అన్ని రోజులకు కట్టేవాళ్లు. యంత్రం మన గదిలోనే ఉంటుంది, అందులో సగం మనది కాదు! ఆ పద్ధతి పెద్ద సంస్థలకే అందుబాటులో ఉండేది. చిన్నవాళ్లకు అందిన మలుపు 2006 ఆగస్టులో వచ్చింది. అమెజాన్ ఒక చిన్న సర్వర్‌ను గంటకు పది సెంట్ల చొప్పున అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక పెద్ద యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కా వేరే కంప్యూటర్‌లా పనిచేసేలా చేయడం వల్ల ఇది సాధ్యమైంది. దీన్నే వర్చువల్ మెషీన్ అంటారు. క్రిస్మస్ అమ్మకాలకు కొన్న సర్వర్లు మిగతా ఏడాది ఖాళీగా పడి ఉన్నాయి కాబట్టి అమెజాన్ వాటిని అద్దెకు పెట్టిందని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదని ఆ కంపెనీ సాంకేతిక విభాగాధిపతి వెర్నర్ వోగెల్స్ స్వయంగా చెప్పారు. కాస్త ఆలోచిస్తే మనకూ తెలుస్తుంది: డిసెంబర్ వచ్చినప్పుడు అద్దెదారులను ఖాళీ చేయించలేరు కదా.

అమెజాన్ అద్దె మొదలైన మరుసటి ఏడాదే న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీని సత్తా చూపించింది. పాత పత్రికల స్కాన్ బొమ్మలు నాలుగు టెరాబైట్లు. వాటి నుంచి కోటీ పది లక్షల వ్యాసాలను పీడీఎఫ్‌లుగా మార్చాలి. ఒక ఇంజనీరు వంద సర్వర్లు అద్దెకు తీసుకుని, ఒక్క రోజు లోపే పని ముగించి తిరిగి ఇచ్చేశాడు. గంటకు పది సెంట్ల లెక్కన వంద యంత్రాలకు 24 గంటల అద్దె 240 డాలర్లు. ఆ పనికి వంద సర్వర్లు కొనమని ఏ యజమానినైనా అడిగి చూడండి.

మన దగ్గర ఈ వసతి ఆలస్యంగా వచ్చింది. అమెజాన్ ముంబై కేంద్రం 2016లో మొదలైతే, హైదరాబాద్ కేంద్రం 2022 నవంబర్‌లో తెరిచారు. 2030 నాటికి ఇక్కడ రూ. 36,300 కోట్లకు పైగా పెడతామని ఆ కంపెనీ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ కూడా హైదరాబాద్‌లో డేటా సెంటర్లు పెడుతున్నట్టు 2022 మార్చిలో చెప్పింది. కేంద్ర ప్రభుత్వానికి తన సొంత క్లౌడ్ ఉంది: 2014లో మొదలైన మేఘరాజ్.

ఖర్చు ఎంత తేడా వస్తుంది?

లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక సర్వర్ అద్దె గంటకు రూ. 10 అనుకుందాం. ఒక సైటుకు మామూలు రోజుల్లో రెండు సర్వర్లు చాలు, రద్దీ రోజుల్లో ఇరవై కావాలి. రద్దీ రోజులు ఏడాదికి ఐదు, రోజుకు పన్నెండు గంటలు.

ఇరవై సర్వర్లనూ ఏడాది పొడవునా ఉంచితే 8,760 గంటలకు రూ. 17,52,000. రెండింటిని ఏడాదంతా ఉంచి, పద్దెనిమిదింటిని ఆ అరవై గంటలకే తెచ్చుకుంటే రూ. 1,75,200కు రూ. 10,800 కలుపుకోవాలి. మొత్తం రూ. 1,86,000. తొమ్మిదింట ఒక వంతు కన్నా తక్కువ. రద్దీకి అయిన ఖర్చు ఎంతో చూడండి: పదివేల ఎనిమిది వందలు. మామూలు రోజుల రెండు సర్వర్లే ఖరీదైనవి.

అందుకే తెలిసినవాళ్లు అన్నీ ఒకే ధరకు తీసుకోరు. ఎప్పుడూ కావలసిన రెండింటిని ఏడాదికో మూడేళ్లకో ఒప్పందం చేసుకుని తగ్గింపు ధరకు తీసుకుంటారు. రద్దీకి కావలసినవాటిని మాత్రం గంటల లెక్కన తెచ్చుకుంటారు. స్పాట్ అని మూడో రకం ఒకటుంది: కంపెనీ దగ్గర ఖాళీగా ఉన్నవాటిని 90 శాతం దాకా తగ్గించి ఇస్తారు, కానీ వాళ్లకు అవసరమైతే రెండు నిమిషాల ముందు చెప్పి లాగేసుకుంటారు. పీడీఎఫ్‌లు మార్చడం లాంటి పనులకు అది బంగారం. మధ్యలో ఆగినా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఫలితాల రోజుకు మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

బటన్ నొక్కగానే వచ్చేస్తాయా?

ఆటోస్కేలింగ్ అనే ఏర్పాటు ఉంది. అమెజాన్‌లో ఇది 2009 నుంచి ఉంది. సైటు ముందు లోడ్ బ్యాలెన్సర్ నిలబడి, వచ్చిన ప్రతి అభ్యర్థననూ ఖాళీగా ఉన్న సర్వర్‌కు పంపుతుంది. వెనక ఒక కాపలా ప్రోగ్రామ్ సర్వర్ల వాడకాన్ని నిమిషానికోసారి చూస్తుంది. సగటు వాడకం, ఉదాహరణకు, 60 శాతం దాటితే ఇంకో రెండు పెంచు, 30 కన్నా తగ్గితే రెండు తీసెయ్, ఎట్టి పరిస్థితుల్లోనూ ఇరవై దాటకు అని మనం ముందే రాసిపెడతాం. 90 దాకా ఎందుకు ఆగకూడదో పైన చెప్పిన వరసల లెక్కే చెబుతుంది.

చిక్కు వేళ దగ్గర వస్తుంది. కొత్త సర్వర్ లేచి, సాఫ్ట్‌వేర్ సర్దుకుని, నేను సిద్ధం అని చెప్పడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. దుకాణానికి పొద్దుటి నుంచి మెల్లగా జనం పెరుగుతుంటే ఆ కొన్ని నిమిషాలు పెద్ద సంగతి కాదు. ఇంటర్ ఫలితాలు మధ్యాహ్నం 12 గంటలకని ప్రకటించాక జనం మెల్లగా రారు. 11:59కి ఎవరూ లేరు, 12:00కి అందరూ ఉన్నారు. కాపలా ప్రోగ్రామ్ రద్దీని గుర్తించి సర్వర్లు తెచ్చేలోపు పాత రెండూ పడిపోతాయి. ఆ తర్వాత లోడ్ బ్యాలెన్సర్ కొత్తగా వచ్చినవాటి మీదికి మొత్తం జనాన్ని తోసేస్తే అవీ పడతాయి.

కాబట్టి తేదీ తెలిసిన రద్దీకి ఆటోస్కేలింగ్‌ను నమ్ముకోవడం తప్పు. పన్నెండింటికి ఫలితాలైతే పదకొండుకే ఇరవై సర్వర్లూ నిలబెట్టాలి. రెండు మూడు రోజుల ముందే దొంగ రద్దీ సృష్టించి పరీక్షించాలి. ఫలితాల రోజు సాయంత్రం ఆ అదనపు సర్వర్లను తీసేయాలి. ఇలా గంట ముందు తెచ్చినందుకు అదనంగా అయ్యేది, మన లెక్క ప్రకారం, రూ. 180.

సర్వర్లు పెంచినా ఎందుకు పడిపోతుంది?

ఇది అసలు ప్రశ్న, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. పేజీలు తయారుచేసే సర్వర్లను రెండు నుంచి ఇరవైకి పెంచడం సులువు, ఎందుకంటే అవన్నీ ఒకేలాంటివి, ఎవరి దగ్గరికి వెళ్లినా ఒకటే. కానీ ఆ ఇరవై సర్వర్లూ మార్కుల కోసం వెళ్లేది ఒకే డేటాబేస్ దగ్గరికి. అది ఒకేసారి ఇన్ని కనెక్షన్లే ఇస్తానని గీత గీసుకుని ఉంటుంది. బయటి సర్వర్లు పెరిగేకొద్దీ దాని మీద పడే తాకిడి పెరుగుతుంది. రెండు సర్వర్లున్నప్పుడు ఎలాగో నిలబడ్డ డేటాబేస్ ఇరవై రాగానే కూలిపోవచ్చు. అప్పుడు అదనపు సర్వర్లకు డబ్బు కట్టి మరీ సైటును పడగొట్టినట్టవుతుంది.

డేటాబేస్‌ను ముక్కలు చేయడం ఎందుకు కష్టం? చదవడానికైతే నకళ్లు పెట్టుకోవచ్చు. రాసేచోట నకళ్లు కుదరవు. ఒక రైలు బెర్తు ఇద్దరికి అమ్ముడుపోకూడదు, ఒక సర్వే నంబర్ భూమి ఇద్దరి పేర రిజిస్టర్ కాకూడదు. ఎక్కడో ఒకచోట చివరి నిర్ణయం జరగాలి. ఆ చోటును రాత్రికి రాత్రి పెంచుకోలేం.

ఫలితాల విషయంలో ఈ బాధే లేదు. మార్కులు ఒకసారి ప్రకటించాక ఆ పూట మారవు. అయిదు లక్షల మంది పేజీలనూ ముందు రోజు రాత్రే తయారుచేసి పెట్టుకోవచ్చు. ఒక్కో పేజీ నాలుగు కిలోబైట్లు అనుకుంటే మొత్తం రెండు గిగాబైట్లు. మీ జేబులో ఉన్న ఫోనులో రాష్ట్రం మొత్తం పదో తరగతి ఫలితాలు పడతాయి. ఇంత చిన్న సరుకును ఊరూరా నకళ్లు పెట్టి పంచే సీడీఎన్ అనే ఏర్పాటుకు అప్పగిస్తే డేటాబేస్‌ను ముట్టుకోవలసిన పనే ఉండదు. కాబట్టి ఫలితాల పూట సైటు పడిపోతే దాన్ని నేను సర్వర్ల కొరతగా ఒప్పుకోను. సరిగ్గా ఆలోచించి కట్టని సైటుగానే లెక్కవేస్తాను.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి చాలాకాలంగా ఒక నాటు ఉపాయం నడుస్తోంది. బోర్డు సైటుతో పాటు దినపత్రికల సైట్లు, విద్యా సైట్లు కూడా ఫలితాలు చూపిస్తాయి. ఒకచోట తెరుచుకోకపోతే పిల్లలు ఇంకోచోట చూస్తారు. ప్రభుత్వం పైసా ఖర్చు లేకుండా అదనపు సర్వర్లు సంపాదించినట్టే. పేజీల నిండా ప్రకటనలు భరించాలి, అది వేరే సంగతి. ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది: 2025 జనవరిలో మొదలైన మన మిత్ర అనే సేవ ద్వారా ఆ ఏప్రిల్‌లో ఇంటర్, పదో తరగతి ఫలితాలను వాట్సాప్‌లో ఇచ్చింది. నంబర్ పంపితే మార్కులు వస్తాయి. జవాబు రెండు నిమిషాలు ఆలస్యమైనా ఫోను చేతిలోనే ఉంటుంది, మనిషి మళ్లీ మళ్లీ నొక్కడు. నొక్కుడు తగ్గడమే సగం లాభం.

రద్దీ అంతా మనుషులదేనా?

జనగామ, మహబూబాబాద్ రెండూ సికింద్రాబాద్, కాజీపేట, విజయవాడ మార్గంలోని స్టేషన్లు. అక్కడి నుంచి దూర ప్రయాణాలకు తత్కాల్ టికెట్ కోసం పొద్దున 10 గంటలకు ఏసీకీ, 11 గంటలకు స్లీపర్‌కూ ప్రయత్నించినవాళ్లకు ఆ మొదటి నిమిషం ఎలా ఉంటుందో తెలుసు. 2025 మే 22న పొద్దున 10 గంటలకు ఒకే నిమిషంలో 31,814 టికెట్లు బుక్ అయ్యాయని రైల్వే శాఖ ప్రకటించింది. దాంతో పాటు ఇంకో మాట కూడా చెప్పింది. తత్కాల్ మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్లవేనట. అంటే మనిషి కాకుండా ప్రోగ్రామ్ నొక్కేవి. అనుమానాస్పద ఖాతాలు రెండున్నర కోట్లు మూసేశారు. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ పెట్టారు.

ఈ సగం రద్దీకి సర్వర్లు అద్దెకు తెచ్చి ఉంటే ఏమయ్యేది? ప్రజల డబ్బుతో దళారీల ప్రోగ్రాములకు మర్యాదలు చేసినట్టయ్యేది. ఆటోస్కేలింగ్‌కు మనిషెవరో బాట్ ఎవరో తెలియదు. తాకిడి పెరిగిందా, సర్వర్ పెంచు. అంతే దానికి తెలిసింది. ఎవరైనా కావాలని సైటు మీద దొంగ రద్దీ తోస్తే బిల్లు మనకే వస్తుంది. 'ఇరవై దాటకు' అన్న హద్దు రాయడం అందుకే. హద్దు రాయని సైటు యజమానికి నెలాఖరున కలిగే బాధ చెప్పనలవి కాదు.

ఇంకో హద్దు కూడా ఉంది. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటినవారికి కోవిన్ సైటులో కోవిడ్ టీకా నమోదు తెరిచారు. సెకనుకు 55,000 తాకిడి వస్తోందని ప్రభుత్వం ప్రకటించింది. మొదట్లో చాలామందికి తెరుచుకోలేదు. ఆ తర్వాత నిలదొక్కుకుంది, ఒక్క రోజులో కోటీ ముప్పై లక్షల మందికి పైగా నమోదయ్యారు. సర్వర్లు గట్టెక్కాయి. నమోదైనవాళ్లు స్లాటు కోసం చూస్తే స్లాట్లు లేవు, ఎందుకంటే టీకాలు లేవు. సర్వర్ ఎంత పెంచినా వరసలో నిలబడే చోటు పెరుగుతుంది, వరస చివర ఉన్న సరుకు పెరగదు. తత్కాల్ బెర్తులైనా ఇంతే.

సరుకు తక్కువగా ఉన్నప్పుడు వరసను పద్ధతిగా నడపడమే మేలు. 2020 అక్టోబర్ 29న మొదలైన తెలంగాణ భూముల పోర్టల్ ధరణిలో తహసీల్దారు కార్యాలయంలో రిజిస్ట్రేషన్‌కు ముందుగా స్లాట్ బుక్ చేసుకునే పద్ధతి పెట్టారు. ధరణి మీద ఎన్ని విమర్శలొచ్చినా ఆ ఒక్క ఆలోచన సరైనదే. రద్దీని పగలంతా, వారమంతా పరిచేస్తే అదనపు సర్వర్ల అవసరం దానంతటదే తగ్గుతుంది.

సర్కారు ఆఫీసుకు ఈ బిల్లు ఎందుకు మింగుడుపడదు?

కొనుగోలు పద్ధతి వల్ల. టెండర్ అంటే ఇన్ని సర్వర్లు, ఇంత ధర, ఇన్నేళ్లు అని ముందే తేలాలి. బడ్జెట్ కూడా ఒకే అంకె అడుగుతుంది. ఏప్రిల్‌లో పదివేలు, మేలో రెండు వందలు అన్న బిల్లును చూసి ఆడిట్‌వాళ్లు ఒక ప్రశ్న కాదు, పది వేస్తారు. దానికి భయపడి అధికారులు రెండిట్లో ఒకటి చేస్తారు: ఏడాదంతా పెద్ద సర్వర్లు పెట్టి పదకొండు నెలలు ఖాళీగా తిప్పడం, లేదా చిన్నవాటితోనే సరిపెట్టి ఫలితాల రోజు మాటలు పడడం. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ క్లౌడ్ కంపెనీలను పరిశీలించి జాబితాలో చేరుస్తోంది, ప్రభుత్వ శాఖలు సర్కారు కొనుగోళ్ల జెమ్ పోర్టల్ ద్వారా వాటి నుంచి సేవలు తీసుకోవచ్చు. దారి ఉంది. వాడినంత, ఇంతకు మించకుండా అని ఒప్పందంలో రాసుకునే ధైర్యం కావాలి.

అద్దె ఎప్పుడూ లాభమేనా?

కాదు. రోజూ ఒకే భారం ఉండేవాళ్లకు అద్దె దండగే. అమెరికాలో 37సిగ్నల్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2022లో క్లౌడ్‌కు 32 లక్షల డాలర్లు కట్టి, ఇక చాలని సొంత సర్వర్లు కొనుక్కుని బయటికి వచ్చేసింది. దాని వాడకంలో ఎత్తుపల్లాలు తక్కువ, కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. పదివేల రెట్ల ఎత్తుపల్లాలున్న పరీక్షల బోర్డు ఆ కథ చదివి అదే దారి పట్టకూడదు.

అద్దెలో కనిపించని ఖర్చులూ ఉన్నాయి. సర్వర్ తీసేసినా కొన్నిసార్లు దాని డిస్కు ఉండిపోయి అద్దె పడుతూనే ఉంటుంది. బయటికి వెళ్లే డేటాకు విడిగా కట్టాలి. ఫొటోలు, వీడియోలు పెట్టే సైట్లకు ఇది సర్వర్ అద్దెను మించిపోవచ్చు. వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ.

చివరిగా, అసలు సర్వర్ తప్పే కాని సందర్భం. భూపాలపల్లి జిల్లాలో పలిమెల, మహాముత్తారం వైపు, మహబూబాబాద్ జిల్లాలో గంగారం, కొత్తగూడ వైపు అడవిపల్లెల్లో సిగ్నలే సరిగ్గా అందని చోట్లున్నాయి. అక్కడ పేజీ రాకపోతే హైదరాబాద్‌లో వెయ్యి సర్వర్లు పెంచినా ప్రయోజనం లేదు. మేడారం జాతరకు మొబైల్ కంపెనీలు బండ్ల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెడతాయి, జాతరయ్యాక తీసుకెళ్తాయి. అదీ అవసరానికి తెచ్చుకున్న అదనపు సామర్థ్యమే. అయితే ఈ అడవిపల్లెలకు కావలసింది నాలుగు రోజుల టవర్ కాదు.

మీ పేజీ ఎక్కడ ఆగిందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఆ సైటు తెరుచుకోనప్పుడు వేరే సైటు ఏదైనా తెరవండి. అదీ రాకపోతే మీ నెట్‌వర్క్‌దే లోపం. అది వచ్చి ఇది రాకపోతే సైటుది. పేజీ వచ్చి నంబర్ కొట్టాక తిరుగుతూ ఉంటే, చాలాసార్లు వెనకాల డేటాబేస్ దగ్గర ఆగిపోయినట్టు.

మీ కాలేజీకో, సొసైటీకో, దుకాణానికో సైటు చేయించుకుంటున్నారా? చేసేవారిని నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి. రద్దీ వస్తే ముందు ఏది పడిపోతుంది? సర్వర్లు ఎన్నింటి దాకా పెరగొచ్చు? బిల్లు ఎంత దాటితే మీ ఫోనుకు మెసేజ్ వస్తుంది? రద్దీ తగ్గాక వాటిని తీసేసే బాధ్యత ఎవరిది? నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పలేనివారికి పని అప్పగించకండి.